పడుగూ పేకా లేని కాగితం

నువ్వేం పని చేస్తావని అడిగితే, పాత నోట్లకు మార్కులు వేస్తానని చెబుతాను. బ్యాంకులోనా అంటారు మా చుట్టాలు. కాదంటే, చిరిగిన నోట్లు మార్చే దుకాణంలోనా అంటారు. ఈ రెండింటికీ జవాబు చెప్పీ చెప్పీ విసిగిపోయి, ఇంట్లో ఆఫీసు ముచ్చట ఎత్తకూడదని మూడేళ్ల కింద నేనే ఒక చట్టం చేశాను. అమ్మా బాపూ నోరెత్తకుండా దాన్ని పాటిస్తూ వచ్చారు. అదెంత తెలివితక్కువ చట్టమో నాకు మొన్న మంగళవారం తెలిసింది.

మా ఆఫీసు పంజాగుట్ట మెయిన్ రోడ్డు మీద, ఒక కాంప్లెక్సులో మూడో అంతస్తు. పాత నోట్లు సేకరించేవాళ్లు తమ నోటు అసలుదా నకిలీదా, అసలుదైతే ఎంత బాగా మిగిలిందో తేల్చమని మాకు పంపిస్తారు. మేం డెబ్బైకి మార్కులు వేస్తాం. అరవై దాటిందంటే అది ఎవరి జేబులోనూ ఒక్క మడతైనా పడని నోటు. ముప్పై అంటే నలుగురి చేతుల్లో తిరిగినా మర్యాదగా మిగిలిన నోటు. మార్కు వేసినవాళ్ల పేరుతో సహా లేబుల్ అచ్చువేసి, నోటూ లేబులూ కలిపి గట్టి ప్లాస్టిక్ కవరులో పెట్టి నాలుగు పక్కలా సీలు వేస్తాం. ఆ వివరాలే మా వెబ్‌సైటులో రిజిస్టర్‌కి ఎక్కుతాయి. ఎవరైనా చూసుకోవచ్చు. ఆ తర్వాత కొనేవాడు నోటును వేలితో తాకే పని లేదు. లేబుల్ చదివి కొంటాడు. అంటే నా మాటను కొంటాడు. నాకు ఈ ఉద్యోగంలో నచ్చింది అదొక్కటే, మిగతాదంతా మెడనొప్పి.

మంగళవారం పొద్దున నా బల్ల మీదికి నిజాం కాలంనాటి వంద రూపాయల నోటు వచ్చింది. ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడం కూడా ఉండే నోటు. పంపింది దుర్గేష్ గారు. బంజారా హిల్స్‌లో ఉంటాడు, పాత నోట్లు కొని అమ్ముతాడు, మాకు పెద్ద కస్టమర్. నోటు కరకరలాడుతోంది. యూవీ లైటు కింద పెడితే ఎక్కడా మెరవలేదు, అంటే సబ్బుతోనో రసాయనాలతోనో కడగలేదు. పక్క సీట్లో హరిణి అప్పటికే చూసి అరవై నాలుగు వేసేసింది. ప్రతి నోటునూ ఇద్దరం విడివిడిగా చూస్తాం. రెండో మార్కు నాది, అదే తుది మార్కు.

నాకు అనుమానం వచ్చింది ఎడమ అంచు దగ్గర. ఆ రోజుల్లో పెద్ద నోట్లను కట్టలుగా సూదితో గుచ్చి దాచేవాళ్లు. అందుకని ఆ వయసు నోటుకు ఎడమ పక్క నాలుగు చిల్లులైనా ఉంటాయి. దీనికి ఒక్కటీ లేదు. వెనక నుంచి లైటు వేశాను. ఏడు చోట్ల చిన్న చిన్న మచ్చలు. మైక్రోస్కోపు కింద పెట్టాను.

కాగితాన్ని గుజ్జుతో చేస్తారు. అందులో పోగులు ఎటు పడితే అటు పడుకొని ఉంటాయి. చిల్లు పూడ్చే దొంగలు కూడా కాస్త గుజ్జు తెచ్చి అద్దేస్తారు, పని అయిపోతుంది. ఇక్కడ అట్లా లేదు. ఆవగింజలో సగం లేని చిల్లులో దూది పోగులు నిలువుగా మూడు, అడ్డంగా మూడు. ఒకదాని మీదుగా ఒకటి, ఒకదాని కిందుగా ఒకటి. ఎవరో కాగితానికి పడుగూ పేకా పెట్టి చిల్లు నేశారు. పైన పల్చగా గంజి. ఏడు చిల్లులూ అంతే.

కాగితాన్ని కూడా బట్ట అనుకొని నేసే చేయి ఈ ఊళ్లో ఎన్ని ఉంటాయి? నాకు ఒకటే తెలుసు. ఆ చేయి కలిపి పెట్టిన ముద్దలు తిని పెరిగాను.

మా బాపు పర్శరాములుది దుబ్బాక. మగ్గం మీద కడుపు నిండక, నేను పుట్టక ముందే అమీర్‌పేట వచ్చి చీరలకు రోలింగ్, పాలిష్, డార్నింగ్ అని బోర్డు పెట్టాడు. పట్టుచీర కొంగు ఎలుక కొరికినా ఎక్కడ కొరికిందో తెలియకుండా చేసి ఇస్తాడు. నాకు కూడా నేర్పాలని చూశాడు. సూది నిలవలేదు గానీ, కుట్టు ఎక్కడుందో కనిపెట్టే కన్ను మాత్రం వచ్చింది. ఆ కన్ను ఇప్పుడు ఆయననే పట్టుకుంది.

నేను ఇంకా ఏమీ రాయకముందే మా యజమాని వంశీధర్ గారు క్యాబిన్‌లోకి పిలిచారు. లోపల దుర్గేష్ గారు టీ తాగుతున్నారు.

"ఏంటి సంగీతా, ఆ వంద నోటు ఇంకా తేల్చలేదా?" అన్నారు వంశీధర్ గారు. "బేగంపేట హోటల్లో వేలం. రేపు సాయంత్రానికి కేటలాగు ప్రెస్సుకి వెళ్లాలి. హరిణి అరవై నాలుగు వేసిందిగా."

"చిల్లులు పూడ్చారు సార్. గంజి పెట్టి ఇస్త్రీ చేశారు. పక్క నుంచి లైటు వేస్తే మడతల జాడ కూడా ఉంది."

ఆయన నోటు తెప్పించుకొని తన బల్ల మీది మైక్రోస్కోపులో చూశారు. తల ఎత్తి, "దుమ్ములా ఉంది," అన్నారు.

"దుమ్ము నిలువు మూడు, అడ్డం మూడు లెక్కన పడుతుందా సార్?"

దుర్గేష్ గారు నవ్వారు. "మేడమ్‌కి అనుమానం ఎక్కువండి. సరే అమ్మా, పూడ్చారనే అనుకుందాం. ఎవరు పూడ్చారో చెప్పగలరా? ఊరికే నింద వేయడం కాదుగా."

నా దగ్గర జవాబు ఉంది. నాలుక చివర ఉంది. చెప్పలేదు. రేపు పొద్దున రాస్తానని గొణిగి బయటికి వచ్చేశాను. జీవితంలో అంత పిరికిగా ఏ గదిలోంచీ బయటికి రాలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆ సాయంత్రం మెట్రో ఎక్కకుండా అమీర్‌పేట దాకా నడిచాను. కోచింగ్ సెంటర్ల పాంప్లెట్లు నాలుగు చేతిలో పెట్టారు, నాలుగూ చింపేశాను. మైత్రీవనం వెనక గల్లీలో మా దుకాణం. బాపు కింద చాప మీద కూర్చొని ఎవరిదో కంచిపట్టు చీర అంచు అల్లుతున్నాడు.

"బాపూ, నిజాం నోటు ఒకటి చేసినవా?"

బాపు ముఖం ఒక్కసారిగా విచ్చుకుంది. "నీ దాక వచ్చిందా? ఎట్లున్నది చెప్పు. చిల్లులు కానొచ్చినయా?"

"ఉత్త కండ్లకు కానరాలే. మిషిని కింద కానొచ్చినయ్. పడుగూ పేకా పెట్టినవ్. కాగితానికి పడుగు ఉంటదా బాపూ?"

ఆయన సూది ఆపాడు. "ఉండదు. నాకు సుత ఎరుకనే. గని చిల్లు చూస్తే చెయ్యి ఊకుంటదా? దానికి వచ్చిన తీరుగ అది చేసుకుంట పోయింది. జర తడిబట్ట వేసిన, పల్చటి గంజి పట్టిచ్చిన, మల్లుబట్ట మీద వేసి ఇస్త్రీ చేసిన. మస్తుగ వచ్చింది."

"ఎవలిచ్చిండ్రు?"

"దుర్గేష్ సార్. వాళ్ల మేడమ్ చీరెలు మన కాడికే వస్తయి. తాత సొమ్మట, ఇంట్ల పటం కట్టుకుంట అన్నడు. పెద్దల గుర్తు గదా అని పానం పెట్టి చేసిన. నీకు చెప్దామనుకున్న. నోట్ల ముచ్చట ఎత్తొద్దంటివి."

నా చట్టం నా నెత్తికే కొట్టింది. చాప మీద కూర్చున్నాను. "వాడు పటం కట్టుకుంటలేడు బాపూ. దీనికి చిల్లే పడలే, మడతే పడలే అని చెప్పి వేలంల అమ్ముతుండు. గది మోసం."

మోసం అన్న మాట ఆయనకు తగలకూడని చోట తగిలింది. చీర పక్కన పెట్టాడు. "నేను మోసం చేసిన్నా? నలభై ఏండ్ల సంది గదే పని చేస్తున్న. చినిగినదాన్ని బాగ చేసుడు మోసమెట్లయితది? గట్లయితే ఈ గల్లీల దర్జీలందరు దొంగలే గదా."

"చీరె తెచ్చినామెకు చిల్లు ఉండెనని ఎరుక. నోటు కొనేటోనికి ఎరుక లేదు. గంతే తేడా."

బాపు పక్కనున్న చీర అందుకొని, అంచు లోపలి మడత తిప్పి చూపించాడు. అక్కడ వెంట్రుకంత ఎర్ర పోగు ఒకటి బయటికి వదిలి ఉంది. "గిది ఎందుకు పెడ్తనో ఎరికేనా? రేపు ఈ చీరెను ఎవలన్న కొత్తదని చుట్టాలకు పెట్టకుంట. అంచు తిప్పి చూసినోళ్లకు ఈడ పని జరిగిందని తెల్వాలె. మా నాయిన రాజనర్సయ్య సుత గట్లనే పెడుతుండె. నోటుకు యాడ పెట్టాల్నో తెల్వక ఇడిసిపెట్టిన. పటమే గదా అనుకున్న."

ఆయనకు జరిగింది పూర్తిగా అర్థమైందని నాకు తెలిసింది. గొంతు తగ్గింది.

"రేపు ఏం రాస్తవ్ మరి?"

"ఏం రాయ. నాతోని కాదు, ఇంకొకలకు ఇయ్యుండ్రి అని పక్కకు తప్పుకుంట."

"ఎందుకు?"

"ఎవలు చేసిండ్రని అడుగుతుండ్రు బాపూ. నీ పేరు ఎట్ల చెప్త?"

అప్పుడు వచ్చింది ఆయనకు అసలైన కోపం. మా బాపు అరవడు. లేచి నిలబడతాడు, అంతే. లేచాడు. "నా పేరు దాస్తవా? దాసిపెట్టేటంత పాడు పని చేసిన్నా నేను? నువ్వు దాస్తే అప్పుడు నేను దొంగనే అయిత. ఏ కాగితం మీద రాస్తవో రాయి, దాని మీద నా పేరు సుత రాయి. పర్శరాములు బాగ చేసిండు అని రాయి. ఎర్ర పోగు అనుకో."

"నా నౌకరి పోతది బాపూ."

"పోతే పోనీ. నీకు చూపు ఉన్నది. చూపున్నోళ్లకు పని దొరుకుతది, ఫికర్ చెయ్యకు."

ఇంటికి పోయాక కూడా ఆయన నాతో మాట్లాడలేదు. పొద్దున ఎనిమిదింటికి మాత్రం తెల్ల చొక్కా వేసుకొని చెప్పులు తొడుక్కొని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "నడువు," అన్నాడు.

ఆఫీసుకి ఒక ముసలాయన్ని వెంటబెట్టుకొని వచ్చానని వంశీధర్ గారికి చిరాకు వేసింది. అప్పటికే దుర్గేష్ గారు వచ్చి క్యాబిన్‌లో కూర్చున్నారు. బాపును చూడగానే ఆయన వేలు ఫోను మీద ఆగిపోయింది. అయినా మనిషి గట్టివాడు, తేరుకున్నాడు.

"నిన్న మీరు అడిగారు కదా, ఎవరు పూడ్చారని," అన్నాను. "మా బాపు. పర్శరాములు. అమీర్‌పేటలో డార్నింగ్ చేస్తడు."

"ఈయనెవరో నాకు తెలీదండి," అన్నారు దుర్గేష్ గారు, వంశీధర్ గారి వైపే చూస్తూ. "మీ స్టాఫ్ వాళ్ల నాన్నని తీసుకొచ్చి కథలు చెప్పించడం ఏంటసలు?"

బాపు ఆయన వైపు చూడలేదు. వంశీధర్ గారితో మాట్లాడాడు. "సార్, నేను ఇప్పుడు నోటు చూడ. మీరే చూస్కుంట లెక్క పెట్టుండ్రి. ఎడమ పక్క ఏడు చిల్లులు పూడ్చిన. మీదికెళ్లి నాలుగు ఒక్క వరుస. ఐదోది జర లోపలికి, ఉర్దూ అక్షరం తోక మీద పడ్డది. ఆరు, ఏడు అడుగుకు, జంటగ. మడతలు నిలువుకు రెండు, అడ్డానికి ఒకటి. కింది మూల మీద పైసంత గంజి ఎక్కువ పడ్డది. తుడిచిన గని పూరా పోలే."

వంశీధర్ గారు నోటును మైక్రోస్కోపు కింద పెట్టారు. దాని మీదికి వంగి ఒక్కో చిల్లూ వెతుక్కుంటూ పోయారు. ఐదోదాని దగ్గర ఆగారు. కింది మూలకు వచ్చాక కుర్చీలో వెనక్కి వాలారు.

"సరే," అన్నారు చివరికి. "గొడవెందుకు. మార్కు వేయకుండా నోటు వాపసు ఇచ్చేద్దాం. ఏం దుర్గేష్ గారూ?"

దుర్గేష్ గారు వెంటనే తల ఊపారు. ఊపడా మరి? ఆ నోటును ఇంకో ఊరికి, ఇంకో కంపెనీకి పంపిస్తాడు. అక్కడ నిలువు మూడు, అడ్డం మూడు అంటే ఏమిటో తెలిసిన మనిషి ఉండదు. అరవై నాలుగు వస్తుంది.

"కుదరదు సార్," అన్నాను. "ఇద్దరూ చూశాక ఫలితం రిజిస్టర్‌కి ఎక్కాల్సిందే. ఆ రూలు రాసింది మీరే. రెండో మార్కు నాది, నేను వేస్తున్నా."

నోటు తీసుకొని నా బల్ల దగ్గరికి వెళ్లి కంప్యూటర్ తెరిచాను. మార్కు దగ్గర ముప్పై కొట్టాను. కింద వ్యాఖ్యలకు ఒక గడి ఉంటుంది. అందులో రాశాను: ఏడు చిల్లులు పూడ్చినవి, గంజి, ఇస్త్రీ. బాగు చేసినవారు పర్శరాములు, అమీర్‌పేట.

ముగ్గురూ నా వెంటే వచ్చారు. దుర్గేష్ గారు ఎదురుగా కూర్చున్నారు, వంశీధర్ గారు నా వెనక నిలబడ్డారు. "సంగీతా, ఆ బటన్ నొక్కితే రేపటి నుంచి రానక్కర్లేదు."

నొక్కాను. లేబుల్ బయటికి వచ్చింది. నోటు పెట్టి నాలుగు పక్కలా సీలు వేసి, బాపు చేతికి ఇచ్చాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకొని, మళ్లీ పెట్టుకొని, తన పేరును ఒక్కో అక్షరం చదువుకున్నాడు. తర్వాత దాన్ని దుర్గేష్ గారి ముందు పెట్టాడు.

"నా నోటు మీద ఈయన పేరేంటండీ?" అన్నారు దుర్గేష్ గారు. గొంతు లేచింది. "పగలగొట్టి పారేస్తా ఈ కవరు."

"చేయించుకున్ననాడు లేని సిగ్గు, పేరు పెడితే ఎందుకొచ్చింది సార్ మీకు?" అన్నాడు బాపు, శాంతంగా.

"పగలగొట్టుకోండి," అన్నాను నేను. "రిజిస్టర్‌లో ఉంది. నోటు నంబరు కొట్టి చూసిన ప్రతివాడికీ కనపడుతుంది."

దుర్గేష్ గారు నోటు జేబులో పెట్టుకొని లేచారు. నాకు అప్పుడు కాలర్ ఎగరేయాలనిపించింది. అబద్ధం ఎందుకు, కాసేపు గాలిలో తేలాను. ఉద్యోగం పోయిందన్న బాధ కూడా లేదు.

"మిగిలినయి యాడున్నయి బిడ్డా?" అన్నాడు బాపు.

"ఏం మిగిలినయి?"

"గీ సార్ నాకు ఐదు నోట్లు ఇచ్చిండు గదా. ఇది ఆఖరుది. పోయినేడు నాలుగు చేసిన. అవి సుత తాతవే అన్నడు. గవి చిన్న నోట్లు, చిల్లులు లేకుండె. ఉత్త గంజి, ఇస్త్రీ."

దుర్గేష్ గారు తలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే వెళ్లిపోయారు. నేను రిజిస్టర్‌లో ఆయన పేరు కొట్టాను. పోయిన ఏడాది నిజాం నోట్లు నాలుగు. అరవై మూడు, అరవై ఐదు, అరవై నాలుగు, మళ్లీ అరవై ఐదు. నాలుగింటి కిందా తుది మార్కు వేసిన పేరు ఒకటే. సంగీత. నాలుగూ ఇప్పటికే ఎవరెవరో కొనుక్కున్నారు. నా మాట నమ్మి కొనుక్కున్నారు.

బాపు తెర మీదికి వంగి చూశాడు. "అవి నువ్వు పట్టలేదా?" అన్నాడు. నా కోసం బాధపడుతూనే అడిగాడు గానీ, గొంతులో గర్వం దాచుకోలేకపోయాడు.

"పట్టలేదు బాపూ."

వంశీధర్ గారికి ఊపిరి వచ్చింది. కుర్చీ లాక్కొని నా పక్కన కూర్చున్నారు, మొదటిసారి మెత్తగా మాట్లాడారు. "చూడు, అవి అయిపోయినవి. వాటిని ఎవరూ అడగట్లేదు. నీ సంతకం తప్పని నువ్వే రాసుకుంటే, ఈ లైనులో నీ మార్కు ఇంకెవడూ నమ్మడు. నా దగ్గరే కాదు, ఎక్కడా పని దొరకదు. ఆ ఒక్క నోటుతో ఆపు. నిన్ను తీసెయ్యను కూడా. ఉండు."

పెద్ద మాటే అన్నారు. నేను వినలేదని చెప్పను, విన్నాను. ఇంటి అద్దె, అమ్మ మందులు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకు వచ్చాయి. నిన్న ఆ క్యాబిన్ లోంచి నోరు మూసుకొని బయటికి వచ్చిన మనిషి కూడా గుర్తుకు వచ్చింది. ఆ మనిషితో ఇంకో రాత్రి గడపడం నా వల్ల కాదు.

"రేపటి నుంచి కదా సార్ రావద్దన్నది," అన్నాను. "ఇవాళ ఇంకా నా సీటే."

మొదటి నోటు తెరిచాను. అరవై మూడు తీసేశాను.

"దీనికి మడతలెన్ని బాపూ?"

"నడుమ ఒకటి. నిలువుకు."

రాశాను. గంజి, ఇస్త్రీ. బాగు చేసినవారు పర్శరాములు, అమీర్‌పేట. దాని పక్కన, ఎవరూ అడగకపోయినా, ఇంకో ముక్క చేర్చాను: తప్పు మార్కు వేసినవారు సంగీత. బాపు నా భుజం మీది నుంచి అది చదివాడు.

బటన్ నొక్కాను.

"రెండోది చెప్పు," అన్నాను.